కమ్మీ దాటిన చీపురు

తేదీ: రెండువేల పంతొమ్మిది, మార్చి పది, ఈస్టరుకు ముందరి తపస్సుకాలపు మొదటి ఆదివారం, రెండో పూజ ముగిసిన తరువాత జరిగిన పెద్దల సంఘం సభ. స్థలం: తాళ్ళగుంటపాలెం పునీత అంతోనివారి దేవాలయం వెనుక ఉన్న జ్ఞానోపదేశ తరగతి గది. హాజరైనవారు: మా విచారణ, అంటే పారిష్, గురువులు ఫాదర్ సిల్వెస్టర్ (అధ్యక్షులు), విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు శ్రీ యేరువ ఇన్నారెడ్డి (ఉపాధ్యక్షులు), ఉపదేశి శ్రీ గాబ్రియేలు మాస్టారు, కాన్వెంటు బడి ప్రధానోపాధ్యాయురాలు సిస్టర్ బెనిగ్నా, తీర్మానాలు రాయడానికి నేను. మరి ఇద్దరు సభ్యులు కూడా వచ్చారు కాని, వారు కాఫీ గురించి తప్ప మరి దేని గురించీ అభిప్రాయం వెలిబుచ్చలేదు కనుక పేర్లు నమోదు చేయనవసరం లేదని ఉపాధ్యక్షులు సెలవిచ్చారు. హాజరు కానివారు: పీఠబాలురు.

ఆ చివరి అంశమే సభకు కారణం. పూజలో గురువు పక్కన నిలిచి గంట మోగించి, గ్రంథం పట్టుకుని, నీళ్ళూ ద్రాక్షారసమూ అందించే మగపిల్లలను మేము పీఠబాలురంటాం. ఒకప్పుడు మా ఊళ్ళో వీరు ఎంత సమృద్ధిగా ఉండేవారంటే, పండుగనాడు ఒక్కొక్క కొవ్వొత్తిని ఇద్దరేసి మోసేవారు. ఇప్పుడు ఆరో తరగతి దాటగానే మగపిల్లలందరినీ గుంటూరు, విజయవాడ హాస్టళ్ళకు తరలించి, భవిష్యత్తులో ఇంజనీర్లు కావడానికి కావలసిన పునాదులు తవ్విస్తున్నారు. మిగిలినవాడు ఒక్కడే, ఇన్నారెడ్డిగారి మనవడు జోవిన్. వాడికి ప్రసంగం మొదలు కాగానే నిద్ర వస్తుంది. ఈ విషయంలో వాడు సంఘం మొత్తానికీ ప్రతినిధి అని చెప్పవచ్చు.

ఆ ఉదయం జోవిన్ కూడా రాలేదు. ఫాదర్‌గారు రెండు చేతులతో అప్పాన్ని పైకెత్తి గంట వైపు చూశారు. అది మోగితేనే జనం మోకరిస్తారు. గంట కదలలేదు. హార్మోనియం దగ్గరి నుంచి ఉపదేశిగారు లేచి పరుగెత్తేసరికి పాట ఆగింది. గంట మోగేసరికి ఫాదర్‌గారి చేతులు దిగాయి. మోకరించినవారు లేవాలో, లేచినవారు మోకరించాలో తేలక సంఘంలో సగం మంది నడుములు వంచి నిలబడిపోయారు.

ఈ పరిస్థితిలో సిస్టర్ బెనిగ్నా ఒక అర్జీ చదివారు. రాసినది ఏడో తరగతి చదువుతున్న రెజీనా. తనకు పూజ జవాబులన్నీ కంఠస్థమనీ, జూన్‌లో అంతోనివారి పండుగ మర్నాడే తనను విజయవాడ హాస్టల్లో వేస్తున్నారనీ, ఆ పండుగకైనా ఒక్కసారి పీఠం దగ్గర సేవ చేయనివ్వాలనీ ఆ పిల్ల కోరింది.

ఆడపిల్లలు పీఠసేవ చేయవచ్చని రోమునగరం ఏనాడో చెప్పింది. కాని చేయనివ్వడమా మానడమా అన్నది మేత్రాణుల, అంటే బిషప్పుల, ఇష్టానికి వదిలింది. మా మేత్రాణులు దాన్ని విచారణ గురువుల ఇష్టానికి వదిలారు. మా ఫాదర్‌గారు ఎవరినీ నొప్పించని మనిషి. వారు దాన్ని పెద్దల సంఘం ఇష్టానికి వదిలారు. సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. అందులో సభ్యులు ఇన్నారెడ్డిగారూ, ఉపదేశిగారూ. ఈ విధంగా రోములో బయలుదేరిన అధికారం దారిలో ఎక్కడా చెక్కుచెదరకుండా ఇన్నారెడ్డిగారి వరండాకు చేరింది.

ఉపసంఘం అక్కడే విచారణ జరిపింది. పీఠసేవ చేసిన కుర్రవాడు రేపు గురువు కావచ్చుననీ, ఆడపిల్లకు తర్ఫీదు ఇస్తే ఆ తర్ఫీదు దండగేననీ గాబ్రియేలు మాస్టారు వాదించారు. సిస్టర్ బెనిగ్నాను సాక్షిగా పిలిచారు కనుక ఆమె ఒక ప్రశ్న అడగగలిగారు.

"మాస్టారూ, ఇన్నేళ్ళలో మీరు తర్ఫీదిచ్చిన పిల్లల్లో ఎంతమంది ఫాదర్లయ్యారు?"

"ఒకడు సెమినరీ దాకా పోయాడమ్మా."

"పోయి?"

"వచ్చేశాడు. ఇప్పుడు యార్డులో మిరపకాయల కమీషను చేస్తున్నాడు. అయినా ఆ గంట కొట్టే ఒడుపు వాడికి ఇంకా పోలేదు."

ఇన్నారెడ్డిగారి అభ్యంతరం మరింత మౌలికమైనది. ఆయన దృష్టిలో ఇది సేవకు సంబంధించిన సమస్యే కాదు, సరిహద్దుకు సంబంధించినది. పీఠానికీ జనానికీ మధ్య ఉన్న ఇత్తడి కమ్మీ ఒక ఎల్ల. ఒకసారి ఆక్రమణను అనుమతిస్తే తరువాత క్రమబద్ధీకరణ అడుగుతారు. సర్వీసులో ఉండగా ఎన్ని చెరువు పోరంబోకులు ఇట్లాగే పోయాయో ఆయనకు తెలుసు. అందువల్ల ఉపసంఘం ఈ విధంగా తీర్మానించింది: "స్త్రీలు, బాలికలు ఏ సమయమందునూ, ఏ కారణము చేతనూ పీఠము ముందరి కమ్మీని దాటరాదు." దీన్ని ఆదివారం పూజలో చదివి వినిపించారు. మొదటి వరుసలో రెజీనా తల వంచుకుని విన్నది. ఆమె నాయనమ్మ శౌరమ్మ తల ఎత్తి విన్నది.

శౌరమ్మ ప్రతి శనివారం పీఠం ఊడ్చి, గుడ్డలు మార్చి, కొవ్వొత్తుల మైనం గీకే మనిషి. ఆ శనివారం ఆమె చీపురుతో కమ్మీ దాకా వచ్చి, ఆగి, సిలువ గుర్తు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆజ్ఞను ఇంత అక్షరాలా పాటించినవారు మా సంఘంలో అంతకుముందు లేరు.

ఆదివారంనాటికి పీఠం మీద గబ్బిలాల రెట్ట, వాడిన లిల్లీపూలు, వెనుకటి వారం కారిన మైనం అన్నీ యథాస్థానాల్లో ఉన్నాయి. ఉపసంఘం క్షేత్రస్థాయి తనిఖీ జరిపింది. పీఠం ఊడ్చడం పురుషులకు నిషిద్ధం కాదని ఉపదేశిగారు అంగీకరించారు. కాని ఆయనకు నడుం నొప్పి. ఇన్నారెడ్డిగారు గెజిటెడ్ హోదాలో రిటైరైనవారు. కాఫీ సభ్యులిద్దరూ పనిమీద నరసరావుపేట వెళ్ళారు. ఆ మర్నాడే మొదటి సవరణ వెలువడింది: "పై నిషేధము, చీపురు లేక తత్సమానమగు శుభ్రతాసాధనమును చేత ధరించియున్న స్త్రీలకు వర్తించదు."

ఈ సవరణనూ ఆదివారం చదివారు. ఈసారి రెజీనా తల ఎత్తి విన్నది.

మ్రానికొమ్మల ఆదివారం పూజకు మొదటి గంట కొట్టగానే ఆ పిల్ల తెల్ల పరికిణీ, తెల్ల జాకెట్టు, తలమీద ముసుగుతో, చేతిలో కొత్త కొండచీపురుతో కమ్మీ తలుపు తీసుకుని లోపలికి నడిచింది. పీఠం మెట్టు దగ్గర మోకరించింది. లేచి రెండుసార్లు ఊడ్చింది. తరువాత పీఠబాలుడి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఫాదర్‌గారు ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఇన్నారెడ్డిగారి వైపు, మూడోసారి పైకి చూసి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అన్నారు. జవాబులన్నీ స్పష్టంగా, సమయానికి వచ్చాయి. అప్పం పైకెత్తినప్పుడు ఎడమచేతిలో చీపురు ఉండగానే కుడిచేత్తో గంట మోగించింది. సంఘమంతా ఒకేసారి మోకరించి ఒకేసారి లేచింది. ఇది చాలా కాలానికి జరిగిన విశేషమని వృద్ధులు చెప్పుకున్నారు.

పూజ అయ్యాక ఇన్నారెడ్డిగారు ఆ పిల్లను పూజవస్త్రాల గదికి పిలిపించారు.

"ఏందమ్మా ఇది? ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు తాతయ్యా. మీరే గదా చదివింది, చీపురు ఉంటే రావచ్చని."

"ఊడ్చడానికి రమ్మన్నా. గంట కొట్టడానికి గాదు."

"ఊడ్చాను గదా. ఊడ్చేది అయిపోయింది. అక్కడ గంట ఖాళీగా ఉంది."

"ఊడ్చేది అయిపోతే బయటికి రావాల."

"ఎప్పుడు రావాలో అందులో రాయలేదు తాతయ్యా."

ఇన్నారెడ్డిగారు సవరణ ప్రతిని తెప్పించి చదివారు. రాయలేదు. ముప్పై ఏళ్ళు ఇతరుల దస్తావేజుల్లో ఇటువంటి లోపాలు పట్టి ఉద్యోగం చేసిన మనిషికి తన దస్తావేజులోని లోపం ఎదురైతే కలిగే గౌరవభావం ఆయన ముఖంలో కనిపించింది. సొంత తీర్మానాన్ని రద్దు చేయడం ఆయన స్వభావంలో లేదు, వివరించడం ఉంది.

వివరణ ఇట్లా వచ్చింది. చీపురు చేతిలో ఉన్నంతసేపూ బాలిక శుభ్రతా విధిలోనే ఉన్నట్లు భావించవలెను. ఆ విధిలో ఉండగా ఒక్క చేత్తో చేయదగిన పనులు, అనగా గంట, ధూపపాత్ర, ఒకటేసి చొప్పున నీళ్ళ, ద్రాక్షారసపు సీసాలు, ఆ విధికి ఆనుషంగికములు. రెండు చేతుల పనులు, అనగా గ్రంథము పట్టుకొనుట మొదలగునవి, పీఠసేవ కిందకు వచ్చును కనుక నిషిద్ధములు. ఎవరైనా చీపురు కింద పెట్టిన తక్షణమే కమ్మీ వెలుపలకు రావలెను.

కాన్వెంటు బడి ఆడపిల్లలకు ఇంతకంటె స్పష్టమైన ఆహ్వానం అక్కరలేదు. పాస్కా (ఈస్టరు) పండుగనాటికి పీఠం దగ్గర చీపురు పట్టినవారు బారుగా నిలబడ్డారు. తల్లులు చీపుళ్ళ పిడులకు తొడుగులు కుట్టారు. తపస్సుకాలానికి ఊదా, పాస్కాకు జరీ అంచు తెలుపు. ఇంటి చీపురు పీఠానికి తేరాదనీ, పీఠం చీపురు ఇంటికి పోరాదనీ ఆచారం ఏర్పడింది. పూజవస్త్రాల గదిలో వాటిని నిలబెట్టాలా పడుకోబెట్టాలా అన్న చర్చ వచ్చింది. చీపురు నిలబెడితే ఇంటికి దరిద్రమని గాబ్రియేలు మాస్టారి భార్య పంపిన కబురును, అది అన్యుల మూఢనమ్మకమని ఉపసంఘం తోసిపుచ్చి, జాగ్రత్త కోసం పడుకోబెట్టమంది. చివరకు ఫాదర్‌గారు వాటిమీద తీర్థం చల్లి ఆశీర్వదించారు. ఎవరో అడిగారు, కాదనడం వారికి చేతకాదు.

నిజం చెప్పాలంటే దృశ్యం బాగుండేది. తెల్లబట్టల పిల్లలు, తెల్ల తొడుగుల చీపుళ్ళు, ఒకేసారి వంగి ఒకేసారి లేచే వరుస. పొరుగు విచారణలవారు చూడటానికి వచ్చారు, ఫోటోలు తీశారు. ఈ ప్రాచీన సంప్రదాయం మీ ఊళ్ళో ఎప్పటినుంచి ఉంది అని అడిగినవారికి, చాలా కాలం నుంచి అని గాబ్రియేలు మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు. అంతోనివారి పండుగకు మేత్రాణులవారే స్వయంగా వస్తున్నారని కబురు వచ్చింది.

సరిగ్గా అప్పుడు వేసవి సెలవులకు హాస్టళ్ళ నుంచి మగపిల్లలు దిగారు. వచ్చిన ఆదివారం వారు పీఠం దగ్గర ఖాళీ చేతులతో నిలబడ్డారు. వారి వైపు ఎవరూ ఫోటో తీయలేదు. తనకు చీపురు ఇస్తేనే పూజకు వస్తానని జోవిన్ ఇంట్లో అన్నం మానేశాడు. మగపిల్లల తండ్రులు ఇన్నారెడ్డిగారి వరండాలో సమావేశమై, తమ బిడ్డలను చిన్నచూపు చూస్తున్నారని వాపోయారు.

ఉపసంఘం పునరాలోచించింది. పరిశీలనలో తేలిన విషయం ఏమంటే, చీపురు ధారణ కేవలం శుభ్రతా విధి అనుకోవడం పొరపాటు. అది ఆశీర్వదింపబడిన, పీఠానికి చెందిన, మేత్రాణుల సమక్షంలో నిర్వర్తింపబడనున్న గౌరవస్థానం. అంతటి స్థానం పురుషులకు చెందడం సహజం. అపోస్తలుల కాలంలో చీపురు పట్టినవారు పురుషులేనని రుజువు లేకపోయినా, కారని రుజువు కూడా లేదని ఉపదేశిగారు సాధికారంగా చెప్పారు. రెండవ సవరణ: "చీపురు ధారణ ఇక మీదట బాలురకు మాత్రమే పరిమితము. ఆశీర్వదింపబడిన చీపురు నేలను తాకరాదు. పూజ ముగియువరకు దానిని చేత నుండి విడువరాదు."

చీపుళ్ళను కూడా హోదాకు తగినట్లు మార్చారు. ఊరేగింపు సిలువలు చేసే తెనాలి పనివారి చేత పొడవాటి టేకు కర్రలకు ఇత్తడి పొన్నులు వేయించి, వాటి చివర చీపుళ్ళు బిగించారు. అవి మనిషెత్తు వచ్చాయి. రెండు చేతులా పట్టుకుంటే తప్ప నిలిచేవి కావు.

ఆడపిల్లలు తమ చీపుళ్ళు అప్పగించడానికి పూజవస్త్రాల గదికి వచ్చారు. అందరూ ఇచ్చేశారు. రెజీనా చివరికి మిగిలింది. చీపురు ఇవ్వకుండా తొడుగు ఊడదీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టింది. సిస్టర్ బెనిగ్నా పక్కనే ఉన్నారు.

"సిస్టర్, మొదట చీపురు లేకపోతే రాకూడదన్నారు. ఇప్పుడు చీపురు పట్టకూడదంటున్నారు."

"అవునమ్మా."

"అంటే పండక్కి నేను లేను."

సిస్టర్ బెనిగ్నా ఆ పిల్ల చేతిలోని చీపురు తీసుకుని, అందరి చీపుళ్ళ పక్కన పడుకోబెట్టి, "అమ్మ నీ పెట్టె సర్దిందా?" అని మాత్రం అడిగారు. సర్దిందని రెజీనా చెప్పింది. పండుగ వారం రోజుల్లో ఉంది.

ఇన్నారెడ్డిగారి పట్ల న్యాయంగా ఉండాలంటే ఒక మాట చెప్పాలి. ఆ సాయంత్రం ఆయన శౌరమ్మ ఇంటి ముందు ఆగి, పిల్ల ఏం చేస్తోందని అడిగారట. ఏడుస్తోందని ఆమె చెప్పిందట. వ్యక్తిగతంగా తనకు బాధగానే ఉందనీ, కాని తీర్మానానికి వ్యక్తులుండరనీ ఆయన అన్నారట. "తీర్మానానికి లేకపోతే ఏం, రాసినోళ్ళకన్నా మనవరాళ్ళు ఉంటారు గదా రెడ్డిగారూ," అని శౌరమ్మ తలుపు వేసుకుందట. ఆయనకు మనవరాళ్ళు లేరు. ఆయన ఆ లేకపోవడాన్నే జవాబుగా భావించి తృప్తిగా ఇంటికి నడిచారు.

జూన్ పదమూడున దేవాలయం నిండిపోయింది. బయట షామియానాల కింద కూడా జనం. పూజవస్త్రాల గదిలో మేత్రాణులవారు తెల్లని పూజవస్త్రాలు వేసుకుంటున్నారు. వెలుపల వరండాలో జోవిన్ నాయకత్వాన మగపిల్లలు ఇత్తడి చీపుళ్ళతో రెండు వరుసలు కట్టారు. హాస్టళ్ళు ఈ ఒక్క రోజు కోసం సెలవు ఇచ్చాయి. వారి ముఖాల్లో పునాది తరగతుల్లో ఎన్నడూ కనిపించని గాంభీర్యం ఉంది.

ఊరేగింపు కదలబోతుండగా ఫాదర్‌గారు మెల్లగా, "గంట ఎవరు కొడతారు?" అన్నారు.

అందరూ జోవిన్ వైపు చూశారు. జోవిన్ తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు.

"చీపురు ఒక్క చేత్తో పట్టుకోరా," అన్నారు ఉపదేశిగారు.

"పడిపోద్ది సార్."

"అయితే అప్పుడు మాత్రం గోడకానించు."

"చేతిలోంచి వదలగూడదని తాతయ్యే రాశాడు సార్. నేలకి గూడా తాకగూడదంట."

గంట ఒక్కటే అయితే ఏదో ఒకటి చేయవచ్చు. గ్రంథం ఉంది, సీసాలు ఉన్నాయి, ధూపపాత్ర ఉంది, మేత్రాణుల దండం పట్టుకోవాలి, తలపాగా అందుకోవాలి. చేతులన్నీ చీపుళ్ళకు నియమితమైపోయాయి. వరుసలోంచి ఒకరిద్దరిని తప్పిద్దామంటే, ఎవరి కొడుకును అన్న ప్రశ్న వచ్చింది. తండ్రులందరూ వరండా మెట్ల మీదే ఉన్నారు. లోపల పాటవాళ్ళు ప్రవేశగీతం రెండోసారి ఎత్తుకున్నారు. ఏం ఆలస్యమని మేత్రాణులవారు అడిగారు. చిన్న సాంకేతిక అంశమని ఇన్నారెడ్డిగారు మనవి చేసి, నన్ను మూలకు లాగి, కాగితం తీయమన్నారు.

అంత తొందరలోనూ ఆయన భాష చెదరలేదు. నిలబడే చెప్పారు, నిలబడే రాశాను: "గంట, గ్రంథము, సీసాలు, ధూపపాత్ర, దండము మొదలగునవి చీపురేతర చిల్లర పనులుగా పరిగణింపబడుచున్నవి. అట్టి చిల్లర పనులు ఇంటను బయటను అనాదిగా స్త్రీలు చేయుచున్నవే కనుక, వాటి నిమిత్తము బాలికలు కమ్మీని దాటుటకు ఆక్షేపణ లేదు."

"ఆ పిల్లను పిలవండి," అన్నారు ఆయన. పేరు చెప్పలేదు. సిస్టర్ బెనిగ్నా అప్పటికే సగం దూరం వెళ్ళారు.

రెజీనా పండుగ కొత్తబట్టల్లో, ఆడవాళ్ళ వైపు గోడవార కూర్చుని ఉంది. సంగతి చెప్పగానే చెప్పులు వదిలి నడిచింది. పరుగెత్తలేదు. కమ్మీ దగ్గర అలవాటుగా ఎడమచేయి ముడిచింది. అందులో ఏమీ లేదని చూసుకుని వేళ్ళు విప్పింది. ఆ రోజు ఆమె రెండు చేతులా గ్రంథం పట్టుకుంది. రెండు చేతులా నీళ్ళు పోసి మేత్రాణుల వేళ్ళు కడిగింది. ధూపపాత్ర గొలుసును రెండు చేతులా అందించింది. మగపిల్లలు ఇరువైపులా విగ్రహాల వలె నిలబడి, చేతులు లాగుతున్నా చీపుళ్ళను నేలకు తాకనివ్వక, ఆ పిల్ల పూజంతా నడపడాన్ని గౌరవప్రదంగా తిలకించారు. అప్పం పైకి లేచినప్పుడు ఆమె గంట మోగించింది. షామియానాల కిందివారు కూడా ఒకేసారి మోకరించారు.

పూజ అయ్యాక మేత్రాణులవారు కుర్చీలో కూర్చుని, ఎంతకాలంగా ఈ పిల్ల సేవ చేస్తోందని అడిగారు.

"సేవ కాదండి," అన్నారు ఇన్నారెడ్డిగారు. "చిల్లర పని."

"సేవ చేస్తున్నవారు?"

ఇన్నారెడ్డిగారు చీపుళ్ళ వైపు సగర్వంగా చెయ్యి చూపించారు. మేత్రాణులవారు వాటిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు. ఆపైన భోజనం ఎక్కడ అని అడిగారు.

పీఠం నిండా పూలరేకులు, సాంబ్రాణి బూడిద పడి ఉన్నాయి. ఆశీర్వదింపబడిన చీపుళ్ళు నేలను తాకరాదు. మామూలు చీపురు ధరించే అధికారం ఆడవారికి లేదు. ఫాదర్ సిల్వెస్టర్ పూజవస్త్రాలు విప్పి, పంచె ఎగగట్టి, పందిరి నుంచి ఒక తాటాకు లాగి ఊడ్చసాగారు. తాటాకు గురించి మా తీర్మానాల్లో ఏమీ లేదు.

నేను పూజవస్త్రాల గదిలో ఆ ఉదయపు చిత్తును శుభ్రంగా తిరగరాస్తూ ఉండగా రెజీనా ముసుగు మడుచుకుంటూ వచ్చింది. ఆమెతో పాటు చెల్లెలు మార్గరెట్ ఉంది. ఆ పిల్ల గంటనే చూస్తోంది.

"అంకుల్, ఇది ఇవాళ్టికేనా?" అని రెజీనా అడిగింది. "నేను రేపు వెళ్ళిపోతా గదా. వచ్చే ఆదివారం మా చెల్లి రావచ్చా?"

నేను కాగితం మొదటి నుంచి చదివాను. ఇన్నారెడ్డిగారు తన సర్వీసులో కాలపరిమితి లేని అనుమతి ఒక్కటి కూడా ఇవ్వలేదని అందరికీ తెలుసు. "ఈ ఒక్క సందర్భమునకు మాత్రమే" అన్న మాట ఆయన సంతకం కన్నా ముందు పుట్టింది. ఈ కాగితంలో అది లేదు. ప్రవేశగీతం మూడోసారి ఎత్తుకునేలోపు చెప్పిన వాక్యం అది. నేను రెజీనాకు జవాబు చెప్పేలోపు ఇన్నారెడ్డిగారే లోపలికి వచ్చారు. మేత్రాణుల పక్క ఆసనం తనకోసం ఖాళీగా ఉందనీ, అది ఎంతోసేపు ఖాళీగా ఉండదనీ ఆయనకు తెలుసు. కళ్ళజోడు జేబులోనే ఉంది.

"పొద్దున చెప్పింది చెప్పినట్టు రాశారా?"

"ఒక్క అక్షరం చేర్చలేదండి."

"ఏమీ వదల్లేదు గదా?"

"మీరు చెప్పినదేదీ వదల్లేదండి."

ఆయన సంతకం చేశారు. కిటికీలోంచి పిలిస్తే ఫాదర్‌గారు తాటాకు చంకన పెట్టుకుని వచ్చి, చదవకుండా సంతకం చేసి, మళ్ళీ ఊడ్చడానికి వెళ్ళారు. నేను కూడా చేశాను. రెజీనా అడిగినదానికి మార్గరెట్ వైపు తిరిగి, ఆదివారం మొదటి గంటకే రమ్మని చెప్పాను. తరువాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బీరువా అడుగు అరలో, వాడని ఊదా వస్త్రాల కింద పెట్టి తాళం వేశాను.